ఎఫ్రాయిమ్ అడగని మాట

పెద్దకొమ్ముల ఏటి మీద ముప్పై ఒక్క వేసవులు పడవలు నడిపినవాడు ఎఫ్రాయిమ్. టొరంటో నుంచీ ఇంకా కింది పట్నాల నుంచీ వచ్చే అతిథులను నీటి మీద వాలే విమానం ఎగువ కొండల్లోని సరస్సులో దింపుతుంది. అక్కడి నుంచి వాళ్ళ చేత తెడ్లు వేయిస్తూ, రాళ్ళ వడి తప్పిస్తూ, పన్నెండు రోజుల్లో మా ఊరి రేవుకు చేర్చడం అతని పని. అన్నేళ్ళలో ఒక్క మనిషిని ముంచలేదు, ఒక్క పడవను పోగొట్టలేదు. అయితే పన్నెండు రోజుల్లో పన్నెండు మాటలు మాట్లాడితే గొప్ప. వచ్చినవాళ్ళు అతన్నొక మౌనముని అనుకుని మురిసిపోయి ఫోటోలు తీసుకునేవారు. ముని లేదు, మన్ను లేదు. ఆ ఏటి మీద ఎఫ్రాయిమ్‌కు సొంత పని ఒకటి ఉండేది. అది వాళ్ళకు చెప్పే పని కాదనుకున్నాడు, అంతే.

ఏడో రోజు సాయంత్రం పడవలు పాత విడిది దగ్గర ఆగుతాయి. ఒకప్పుడు మా వాళ్ళు చలికాలమంతా అక్కడే ఉండి, ఏటి మీది మంచు విరిగాక పడవలు కట్టుకుని కిందికి వచ్చేవారు. అతిథులు గుడారాలు వేసుకుంటుంటే ఎఫ్రాయిమ్ ఓ రంగు డబ్బా పట్టుకుని గట్టు ఎక్కేవాడు. పైన స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల మధ్య మోకాలి ఎత్తు కర్ర కంచె ఉంది. లోపల అతని తమ్ముడు సైలాస్ ఉన్నాడు. ఆరేళ్ళ వయసులో జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. అప్పటికి ఎఫ్రాయిమ్‌కు తొమ్మిదేళ్ళు. తండ్రి మంచు మీద లాగే జారుడు బండి పలకలు ఊడదీసి పెట్టె చేశాడు. తల్లి డోర్కస్ తన శాలువా చుట్టి పంపింది.

అంత దూరం మామూలుగా పోయే దారి లేదు. కింది లోయలో వడి ఉంది, మోటారు పడవలు ఎదురెక్కవు. సొంతంగా విమానం మాట్లాడుకునే తాహతు మా ఊళ్ళో ఎవరికుంది? అందుకే ఎఫ్రాయిమ్ ఈ కొలువు పట్టాడు. వయసు అరవై మూడు దాటినా, మోకాళ్ళు మొరాయిస్తున్నా వదల్లేదు. వేసవికోసారి కంచెకు రంగు వేసి, ఊరికి వచ్చి, తొంభై ఏళ్ళ తల్లికి చెప్పాలి.

"కంచెకు రంగు వేశావురా?"

"వేశానమ్మా."

"గట్టు?"

"గట్టుకేం, గట్టిగా ఉంది."

ఈ చివరి మాట రెండేళ్ళుగా అబద్ధం. ఎన్నడూ కరగని మా నేల ఇప్పుడు కరుగుతోంది. లోపలి మంచు నీరై, గుట్టలకు గుట్టలే బురదై ఏట్లోకి జారిపోతున్నాయి. కిందటేడు ఎఫ్రాయిమ్ కొలిచాడు. కంచెకూ అంచుకూ మధ్య ఎనిమిది అడుగులు మిగిలింది. ఈ యేడు మంచు విరిగాక పైలట్ వచ్చి, "మీ పాత విడిది పైన గుట్ట ఒకటి సగం విరిగిపడింది, చూశా," అన్నాడు. ఆ పూట ఎఫ్రాయిమ్ అన్నం ముట్టలేదు. ఈసారి రంగు వేస్తే సరిపోదు. సైలాస్‌ను తవ్వి తీసి, ఊరికి తెచ్చి, తండ్రి గోరీ పక్కన పెట్టాలి. అమ్మ కళ్ళు మూసేలోగా కాదు, ఈ వేసవిలోనే.

అయితే ఒక చిక్కుంది. మా వాళ్ళలో సొంత రక్తం సొంతవాడి గోతి మట్టి ముట్టకూడదు. అన్న తవ్విన మట్టిలోంచి లేచినవాడు అన్న గుమ్మం విడవడని పెద్దల భయం. ఎఫ్రాయిమ్ చర్చికీ పోతాడు, దీన్నీ నమ్ముతాడు. రెండింటికీ అతని దగ్గర ఎప్పుడూ తగాదా లేదు. కాబట్టి తవ్వడానికి పరాయి చెయ్యి కావాలి.

ఒక మధ్యాహ్నం బావ ఎలియాజర్ ఇంటికి వెళ్ళాడు. ఎలియాజర్ అతని అక్క మొగుడు, చర్చిలో ప్రార్థన చదివేది అతనే, ఊరికి గోతులు తవ్వేదీ అతనే. ఇద్దరూ మూడు కప్పుల టీ తాగారు. చేపల వల గురించి, కుక్క ఈనిన సంగతి గురించి మాట్లాడారు. ఎఫ్రాయిమ్ లేచి టోపీ పెట్టుకుంటూ, "పాత విడిది దగ్గర నేల ఈ యేడు మెత్తగా ఉందట," అన్నాడు.

"పారకు కొత్త పిడి వేయించా బావా," అన్నాడు ఎలియాజర్ వెంటనే. "పెట్టె కూడా నేనే చేస్తా. ఎప్పుడు బయల్దేరదాం?"

మా ఊళ్ళో సాయం కోరడం ఇలాగే ఉంటుంది. నోరు తెరిచి అడిగితే ఎదుటివాడు కాదనలేక ఇరుకున పడతాడు. ఓ మాట గాలికి వదిలెయ్యాలి. ఇష్టమున్నవాడు అందుకుంటాడు, లేనివాడు చెవిటివాడైపోతాడు. ఎవరి మొహం చిన్నబోదు. ఈ మర్యాద ఎఫ్రాయిమ్‌కు తల్లి నేర్పింది. చిన్నప్పుడు పక్క గుడారంలో "ఎండుమాంసం పెట్టు పిన్నీ" అన్నందుకు డోర్కస్ అతన్ని బయటికి లాక్కెళ్ళి మూతి మీద కొట్టింది.

ఎలియాజర్ స్ప్రూస్ పలకలతో రెండడుగుల పెట్టె చేశాడు. తీరా బయల్దేరడానికి నాలుగు రోజులుందనగా చేపలు పొగబెట్టే పాక మెట్టు మీద కాలు జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. ఎఫ్రాయిమ్ చూడబోతే పిండికట్టు కాలు కుర్చీ మీద పెట్టుకుని తనను తానే తిట్టుకుంటున్నాడు.

"నా బతుక్కి ఈ కాలొకటి! సరే, విను బావా. ఊళ్ళో గట్టివాళ్ళంతా చేపల వేటకు పోయారు. ఆ వచ్చేవాళ్ళు నలుగురున్నారుగా, వాళ్ళనడుగు."

"ఊఁ."

"ఊఁ కాదు. నీ సంగతి నాకు తెలీదూ? నేల మెత్తగా ఉందట, గాలి చల్లగా ఉందట అని నసిగితే వాళ్ళకి బోధపడి చావదు. నోరు తెరిచి 'మా తమ్ముడి గోరీ తవ్విపెట్టండి' అను."

"ఆ కొండల్లో వాళ్ళకు నేను తప్ప దిక్కులేదు బావా. నేనడిగితే కాదంటారా? కాదనలేనివాణ్ణి అడగడం ఏం మర్యాద?"

"మర్యాద నీళ్ళలో కలవా! గట్టు కూలాక నీ మర్యాద పెట్టి ఏం చేస్తావ్?"

ఎఫ్రాయిమ్ పార, ఖాళీ పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

అతిథులు నలుగురు. లీలండ్ అని రిటైరైన ఇంజనీరు, రూతా అని యాభై దాటిన నర్సు, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. మంచివాళ్ళే. అదే కదా ఏడుపు! చెడ్డవాళ్ళయితే నేనీ కథ ఇంకోలా చెప్పేవాణ్ణి.

మొదటి రోజే లీలండ్ పెట్టె మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. ఎఫ్రాయిమ్ వెళ్ళి అతనికి మడత కుర్చీ తెచ్చి వేశాడు.

"ఇంతకీ ఈ పెట్టెలో ఏముంది?" అన్నాడు లీలండ్.

"ఏమీ లేదు. ముందు దారిలో కావాలి."

కొత్త జంటకు ఇది విని సంబరమైంది. రోజూ ఒడ్డున ఏరిన రంగురాళ్ళు తెచ్చి అందులో పోసేవారు. ఎఫ్రాయిమ్ అందరూ పడుకున్నాక ఒక్కొక్కటీ తీసి ఒడ్డున పెట్టేసేవాడు. పొద్దున్నే ఆ పిల్ల లెక్క చూసుకుని, "ఇక్కడ రాళ్ళు కూడా దొంగలెత్తుకుపోతారా?" అని నవ్వేది.

రెండో రోజు సాయంత్రం టీ తాగుతుండగా ఎఫ్రాయిమ్ గొంతు సవరించుకుని మాట గాలికి వదిలాడు. "ముందు ఒక పాత విడిది వస్తుంది. అక్కడ నేల ఈ యేడు మెత్తగా ఉందట."

లీలండ్ వెంటనే పుస్తకం తీశాడు. భూమి ఎలా వేడెక్కుతోందో, మంచు నేల ఎందుకు కరుగుతోందో అరగంట చెప్పాడు. అంతా నిజమే చెప్పాడు, పాపం. ఎఫ్రాయిమ్ తల ఊపుతూ విన్నాడు.

మూడో రోజు పార తీసి నలుగురికీ కనబడేలా పెట్టె పక్కన నిలబెట్టి, "కొత్త పిడి. ఎవరైనా పట్టుకోవచ్చు," అన్నాడు. కొత్త పెళ్ళికొడుకు సిగ్గుపడి, పార తీసుకుని చెట్ల చాటుకు దొడ్డికి వెళ్ళొచ్చాడు.

నవ్వొస్తుంది కదూ? ఊళ్ళో ఇది విన్నప్పుడు మేమూ నవ్వాం. నవ్వి, ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకోలేకపోయాం.

నాలుగో రోజు తెగించాడు. రూతా చేపలు కడుగుతుంటే పక్కన కూర్చుని, "నాకో తమ్ముడుండేవాడు," అన్నాడు. అతని లెక్కలో అది అరిచి చెప్పడమే. మా ఊళ్ళో ఆ మాట పడితే ఇంటికో మనిషి పార పట్టుకుని లేచేవాడు.

"అయ్యో, పోయాడా?"

"ఊఁ. చిన్నప్పుడే. ఆ పాత విడిది దగ్గరే."

రూతా చేతులు తుడుచుకుని అతని భుజం మీద చెయ్యి వేసింది. ఇంకా అడగాలని ఆమెకూ ఉంది. కానీ మనిషి బాధలో ఉన్నప్పుడు గుచ్చి గుచ్చి అడగకూడదని వాళ్ళ ఊరి మర్యాద. "మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి," అని ఊరుకుంది. అతను అప్పటికే చెప్పేశాననుకున్నాడు. రేపు అందుకుంటుందిలే అని ఆశపడ్డాడు. రేపు రానే వచ్చింది, ఆమె వాతావరణం గురించి మాట్లాడింది.

అయిదో రోజు వాన పట్టింది. ఆరో రోజు వాన ఇంకా పెరిగింది. ఏరు మట్టి రంగు తిరిగి, ఒడ్డు చెట్లు కొట్టుకొస్తున్నాయి. తడిసి ముద్దై సాయంత్రానికి పాత విడిదికి రెండు వంపుల ఎగువన ఆగారు. రూతా అరచేతులు బొబ్బలు చిట్లి ఎర్రగా ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురు చలికి వణుకుతోంది. అందరూ నిప్పు చుట్టూ చేరాక లీలండ్ అన్నాడు.

"ఎఫ్రాయిమ్, రేపొక్క రోజు ఇక్కడే ఆగుదామా? అందరం అలిసిపోయాం. ప్రయాణంలో ఒక రోజు వెసులుబాటు ఉందన్నారుగా. మీరు సరేనంటేనే."

చూశారా, ఎంత తేలిగ్గా అడిగేశాడో! నోరు తెరిచాడు, కావలసింది చెప్పాడు, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళకు అదే మర్యాద. ఎదుటివాడు కుదరదంటే సరేనని లేచేవాడే. కానీ ఎఫ్రాయిమ్ పుట్టి బుద్ధెరిగాక, తన మొహం మీద అడిగినదాన్ని కాదన్నది లేదు. అతని గుండె అప్పటికే రెండు వంపుల దిగువన ఉంది. ఓరి నాయనా, అప్పుడైనా ఒక్క మాట అనొచ్చు కదా! రేపు నాకు పనుంది, తమ్ముణ్ణి తీయాలి, సాయం పట్టండి అంటే ఆ నలుగురూ ఆ వానలోనే లేచేవారు. రూతా చిట్లిన చేతులతోనే తవ్వేది.

ఎఫ్రాయిమ్ నిప్పులోకి ఇంకో కట్టె తోశాడు.

"మీ ఇష్టం," అన్నాడు.

మర్నాడు సోమవారం. వాన వెలిసింది. అతిథులు బట్టలు ఆరేసుకుని ఎండలో కునుకు తీశారు. ఎఫ్రాయిమ్ ఒక్క చోట కుదురుగా లేడు. ఏటి దాకా పోయేవాడు, తిరిగి వచ్చేవాడు, విప్పిన తాడునే మళ్ళీ కట్టేవాడు. పన్నెండు దాటాక పెనం మీద రొట్టె తిప్పుతుండగా దిగువ నుంచి చప్పుడు వచ్చింది. లోతుగా, బరువుగా, చాలాసేపు వచ్చింది.

"మళ్ళీ ఉరుములా?" అంది కొత్త పెళ్ళికూతురు ఆకాశం వంక చూసి.

ఆకాశంలో మబ్బు తునక లేదు. పెనం మీద రొట్టె మాడిపోయింది.

"ఏమైంది?" అంది రూతా.

"ఏం లేదు," అన్నాడు.

మంగళవారం పొద్దున్నే రెండు వంపులు తిరిగారు. గట్టు స్థానంలో నల్లటి మంచుగోడ తేలి, ఎండకు నీళ్ళు కారుతోంది. కిందంతా బురద. బురదలో స్ప్రూస్ చెట్లు తలకిందులుగా ఉన్నాయి, ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఎఫ్రాయిమ్ పడవ ఒడ్డుకు తగిలిందో లేదో దిగి, మోకాళ్ళ మాట మరిచి పైకి పరిగెత్తాడు. వెనకాల అతిథులు వచ్చారు. పైన అంచు మీద కంచెలో మిగిలిన నాలుగు తెల్ల కర్రలు నిలబడి ఉన్నాయి. వాటి అవతల ఏమీ లేదు. ఎఫ్రాయిమ్ ఆ కర్రల దగ్గర కూలబడి, పడవల వాళ్ళెవరూ ఎన్నడూ వినని గొంతుతో, "సైలాసూ, ఒరే సైలాసూ," అని ఏడ్చాడు.

రూతాకు అప్పుడు అర్థమైంది. మెత్తటి నేల, పార, ఖాళీ పెట్టె, తమ్ముడు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"మీరు అడిగి ఉంటే మేం తవ్వేవాళ్ళం కదా! ఎందుకడగలేదు? ఎందుకు అడగలేదండీ?"

"తెలుసు," అన్నాడు ఎఫ్రాయిమ్. "తవ్వేవాళ్ళే. తెలుసు."

లీలండ్ మొహం పాలిపోయింది. "నిన్నంతా నేను పడుకున్నాను," అన్నాడు. "ఆగుదామన్నది నేనే."

"మీ తప్పేం లేదు సార్. మీరు అడిగారు. నేను సరేనన్నాను."

వాళ్ళు బురదలోకి దిగి వెతుకుతామన్నారు. దిగితే నడుం లోతు కూరుకుపోతారని అతను దిగనివ్వలేదు. కొత్త పెళ్ళికొడుకు మాత్రం ఒడ్డు వెంట రెండు గంటలు తిరిగి చూసి ఖాళీ చేతులతో వచ్చి, తల దించుకుని నిలబడ్డాడు. ఎఫ్రాయిమ్ అతనికి టీ పోసి ఇచ్చాడు. తర్వాత పడవలు కదిలించారు. మిగతా దారంతా నీళ్ళు అదే బురద రంగులో పక్కనే వచ్చాయి. ఎవరూ రాళ్ళు ఏరలేదు.

శనివారం పొద్దున ఊరి రేవుకు చేరారు. అతిథులు ఒక్కొక్కరూ అతన్ని కౌగిలించుకుని వెళ్ళిపోయారు. ఎఫ్రాయిమ్ తడిబట్టలతోనే వృద్ధుల ఇంటికి పోయాడు. డోర్కస్ చక్రాల కుర్చీలో కూర్చుని, టీలో ముంచిన బిస్కెట్టు తింటోంది.

"వచ్చావుట్రా? కంచెకు రంగు వేశావా?"

వేశానమ్మా అనబోయాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"కంచె లేదమ్మా. గట్టు పోయింది. తమ్ముణ్ణి ఏరు తీసుకుపోయింది."

డోర్కస్ బిస్కెట్టు పళ్ళెంలో పెట్టింది.

"నీతో నలుగురు మనుషులున్నారని ఎలియాజర్ చెప్పాడే."

"ఉన్నారమ్మా. సూచాయగా చెప్పాను. వాళ్ళకు తెలియలేదు."

"నోరు తెరిచి అడగలేకపోయావుట్రా? వాడు నీ తమ్ముడు కదరా! నీ తమ్ముడు కదా!"

ఎఫ్రాయిమ్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అరవై మూడేళ్ళవాడు అలా నిలబడితే చూడలేక, బల్ల తుడుస్తున్న ఆయా గుడ్డ అక్కడే వదిలి బయటికి వెళ్ళిపోయింది. ముసలమ్మ చెయ్యి చాచి కొడుకు మూతి తడిమింది.

"నేనే కదురా," అంది. "అడిగావని కొట్టింది నేనే కదా."

"పోనీలే అమ్మా."

"ఎప్పుడు కూలింది?"

"సోమవారం. పన్నెండు దాటాక."

ఆమె వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. మంగళ, బుధ, గురు, శుక్ర, శని. వయసులో ఉన్నప్పుడు ఆ విడిది నుంచి ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకే తెలియదు. మంచు విరిగాక పడవను నీటికి వదిలేస్తే అయిదో రోజుకు ఊరు కనబడేది.

"అయితే నువ్వూ వాడూ కలిసే వచ్చారన్నమాట," అంది.

ఎఫ్రాయిమ్ ఇక ఆగలేక తల్లి ఒళ్ళో తల పెట్టేశాడు. ఆమె అతని తడి జుట్టు నిమిరింది. ఇంకెప్పుడైనా అయితే ఆమె "ఈ గదికి ఏటి వైపు కిటికీ లేదు" అని ఊరుకునేది. ఆ మాటతో ఎవరో ఒకరు కుర్చీ తోసుకెళ్ళేవారు. ఆ రోజు అలా అనలేదు.

"నన్ను ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళు," అంది. "తీసుకెళ్తావా?"

కుర్చీ చక్రాలు గులకరాళ్ళలో దిగబడితే ఎఫ్రాయిమ్ ఆమెను చేతుల మీద ఎత్తుకుని నీటి అంచు దాకా తెచ్చి, కోటు పరిచి కూర్చోబెట్టాడు. ఏరు నిండుగా, బురదగా పోతోంది. అప్పుడో కొమ్మ, ఇప్పుడో నురుగు. డోర్కస్ ఒక్కటీ వదలకుండా అన్నింటినీ చూసింది.

"ఒరే ఎఫ్రాయిమూ, వెళ్ళిపోయాడంటావా, ఇంకా రావాలంటావా?"

"ఇంకా రావాలమ్మా," అన్నాడు ఎఫ్రాయిమ్.

"అయితే కాసేపు ఉందాం," అంది తల్లి.